సైట్ ఫ్రీగా చేస్కోండి, పేరు మాత్రం కొనుక్కోండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెసేజీల్లో చాలావరకు ఒకటే విషయం. చిన్న వ్యాపారం, వెబ్‌సైట్ కావాలి, డబ్బు పెట్టలేం, ఫ్రీగా ఏది మంచిది అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. ఉత్తరాలు కొంచెం కుదించాను, పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాను.

ప్రశ్న: అక్కా నమస్తే అండి. మాది ఆత్రేయపురం. మా అత్తగారు, నేను, ఇంకో ఇద్దరు కలిసి పూతరేకులు చేస్తామండి. ఇదివరకు షాపులకే వేసేవాళ్ళం, ఈమధ్య వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని హైదరాబాద్, బెంగళూరు పార్సిళ్ళు పంపుతున్నాం. అందరూ మీ వెబ్‌సైట్ లింక్ పెట్టండి అంటున్నారు. మా మరిది విక్స్ అంటాడు, మా ఆడపడుచు వాళ్ళాయన వర్డ్‌ప్రెస్ అంటారు, యూట్యూబ్‌లో ఒకాయనేమో గూగుల్ సైట్స్ చాలంటాడు. నెలనెలా కట్టమంటే మావల్ల కాదండి, ఏడాదికో వెయ్యి అయితే పెట్టగలం. ఏది చేస్కోమంటారు?

జవాబు: ముందు ఆ ముగ్గురి మాటా కాసేపు పక్కన పెట్టి, మీ దగ్గర కొనేవాళ్ళు వాట్సాప్‌లో ఏమేం అడుగుతున్నారో ఆ చాట్లు పైకి జరిపి చూడమ్మా. బెల్లంవా పంచదారవా, డ్రైఫ్రూట్‌వి బాక్సులో ఎన్నొస్తాయి, ఎన్నాళ్ళు నిలవుంటాయి, దార్లో నలిగిపోవా, మా పిన్‌కోడ్‌కి కొరియర్ వస్తుందా, డబ్బులు ఎలా పంపాలి. ఇంతే కదా. ఇవన్నీ ఒకే పేజీలో ఫోన్‌లో చదువుకునేలా రాసిపెట్టి కింద వాట్సాప్ బటన్ పెడితే మీకు కావాల్సిన వెబ్‌సైట్ దాదాపు అయిపోయినట్టే. కార్ట్, కస్టమర్ లాగిన్, కార్డు పేమెంట్లు ఇవేవీ ఇప్పుడు మీకు అక్కర్లేదు, రోజుకొచ్చే ఆర్డర్లు చేత్తో రాసుకోలేనంత అయ్యాక ఆలోచించొచ్చు.

ఇక ఆ మూడిటి సంగతి. విక్స్ చూడ్డానికి బావుంటుంది, ఏ ముక్కని ఎక్కడికి లాగితే అక్కడ కూర్చుంటుంది, కొత్తగా చేసేవాళ్ళకి ఉత్సాహంగా ఉంటుంది. కానీ ఫ్రీ ప్లాన్‌లో మీ పేజీ మీద వాళ్ళ యాడ్ కనిపిస్తూనే ఉంటుంది, అడ్రస్ విక్స్‌సైట్ డాట్ కామ్ అంటూ వాళ్ళ పేరుతో పొడుగ్గా వస్తుంది, మీరు సొంతంగా డొమైన్, అంటే సైట్‌కి మీదే అయిన అడ్రస్ పేరు, కొనుక్కొచ్చినా ఫ్రీ ప్లాన్‌కి తగిలించనివ్వరు. అన్నిటికంటే ఇబ్బంది ఏంటంటే అక్కడ కట్టిన సైట్‌ని ఉన్నదున్నట్టు తీసుకెళ్ళి ఇంకో చోట పెట్టుకునే దారి లేదు, రేపు వద్దనుకుంటే మళ్ళీ మొదట్నించీ చేస్కోవాల్సిందే.

వర్డ్‌ప్రెస్ అనే పేరుతో రెండున్నాయి, మీ అన్నయ్యగారు ఏది చెప్పారో అడగండి. డాట్ ఆర్గ్‌లో దొరికేది సాఫ్ట్‌వేర్, 2003 నుంచి ఉంది, నిజంగానే ఫ్రీ, కానీ అది పెట్టుకోవడానికి హోస్టింగ్, అంటే నెట్‌లో సైట్ ఉండే చోటు, మీరు కొనాలి, ప్లగిన్లు, అంటే దానికి తగిలించుకునే అదనపు ముక్కలు, ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేస్తూ ఉండాలి, పట్టించుకోకుండా వదిలేస్తే ఎవడో ఒకడు లోపలికి దూరతాడు. ఇంట్లో దాని మీద కూర్చునే మనిషి లేకపోతే ఆ జోలికి వెళ్ళొద్దు. డాట్ కామ్ అనేది ఆటోమాటిక్ అనే కంపెనీ నడిపే సర్వీసు, అందులో ఫ్రీ ప్లాన్ ఉంది, 1 జీబీ చోటు ఇస్తారు, వాళ్ళ యాడ్లు వస్తాయి, అడ్రస్‌లో వాళ్ళ పేరుంటుంది, ప్లగిన్లు వేసుకోనివ్వరు. ఒక మంచి ఏంటంటే మీ రాతలన్నీ ఎక్స్‌పోర్ట్ చేసుకుని బయటికి పోవచ్చు.

గూగుల్ సైట్స్ ఈ మూడిట్లో అందం తక్కువది. డిజైన్లు కొన్నే, బ్లాగ్ ఉండదు, షాపింగ్ కార్ట్ ఉండదు. కానీ యాడ్లు లేవు, నెలకట్టుబడి లేదు, మామూలు జీమెయిల్ ఉంటే చాలు, పైగా మీ సొంత డొమైన్‌ని పైసా తీసుకోకుండా కలుపుకోనిస్తుంది. మీ అవసరానికి నా ఓటు దీనికే. ఏడాదికి వెయ్యి పెట్టగలం అన్నారు చూడండి, ఆ వెయ్యి తీసుకెళ్ళి డొమైన్ మీద పెట్టండి. డాట్ ఇన్ గానీ డాట్ కామ్ గానీ ఆ చుట్టుపక్కల వచ్చేస్తుంది. కొనేటప్పుడు మొదటి ఏడాది రేటు ఒక్కటే చూడకండి, రెండో ఏడాది రెన్యువల్ ఎంతో కూడా అక్కడే ఉంటుంది, అది చూడండి, మొదట తొంభై తొమ్మిదికి ఇచ్చి తర్వాత పదింతలు అడిగేవాళ్ళున్నారు. కలిపేటప్పుడు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో ఉన్న పేరుకి కలిపి, అది లేకుండా కొట్టినా అక్కడికే వెళ్ళేట్టు డొమైన్ కంపెనీ పేజీలో ఫార్వర్డింగ్ పెట్టుకోండి, ఇది మర్చిపోయి సైట్ రావట్లేదని కంగారుపడేవాళ్ళు చాలామంది.

వాట్సాప్ బటన్‌కి లింక్ ఇలా: డబ్ల్యూఏ డాట్ ఎంఈ, స్లాష్, 91, వెంటనే మీ పది అంకెల నంబరు. ముందు ప్లస్ గుర్తు వద్దు, మధ్యలో ఖాళీలు వద్దు. దాని వెనకాలే 'పూతరేకులు ఆర్డర్ చేయాలి' అనే మెసేజ్ ముందే టైపై ఉండేట్టు కూడా పెట్టొచ్చు, వాట్సాప్ బిజినెస్ యాప్‌లో షార్ట్ లింక్ అనే చోటుకెళ్తే ఆ లింక్ అదే తయారుచేసిస్తుంది.

ఇంకో రెండు మాటలు. తినే వస్తువు కాబట్టి మీ ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) 14 అంకెల నంబరు పేజీలో కనపడాలి, లేకపోతే సైట్ కంటే ముందు అది తీసుకోండి. బెంగళూరు అంటే వేరే రాష్ట్రం, రాష్ట్రం దాటించి సరుకు అమ్మితే టర్నోవర్ తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ విషయం వస్తుంది, మీ దగ్గర్లో ఆడిటర్‌ని ఒకసారి కలవండి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ లోగో పెట్టుకోవాలంటే మాత్రం అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకోవాలి, మీ ఊళ్ళో సంఘం వాళ్ళని అడిగితే చెప్తారు.

ప్రశ్న: సార్, మాది పోచంపల్లి. మగ్గాల మీద నేసిన చీరలు సొంతంగ అమ్ముతం. మా బిడ్డ విక్స్ ఫ్రీల సైట్ చేసింది. ఫోటోలు పెట్టుకుంట పోతే స్పేస్ అయిపోయింది అంటున్నది. అమ్ముడువోయిన చీరలు కూడా ఇంక సైట్ల కనిపిస్తున్నయి, అవే కావాలని ఫోన్లు చేస్తున్నరు. పేజీ ఓపెన్ అయ్యేటందుకు చాన టైం తీసుకుంటున్నది. డిజైన్ మారుద్దామంటే టెంప్లేట్ మార్చరాదంట. పైసలు కట్టి పెద్ద ప్లాన్ తీసుకోమంటరా?

జవాబు: వద్దండి, ఇప్పుడే కట్టకండి. స్పేస్ సమస్యకి అసలు కారణం ఫోటోల సైజు. ఫోన్‌లో తీసిన ఫోటో ఒక్కోటి నాలుగు ఎంబీ దాకా ఉంటుంది, విక్స్ ఫ్రీలో ఇచ్చేది 500 ఎంబీ, అంటే 125 ఫోటోలకే నిండిపోతుంది. అదే ఫోటోని 1200 పిక్సెళ్ళ వెడల్పుకి తగ్గించి సేవ్ చేస్తే 200 కేబీ చుట్టుపక్కలకి వచ్చేస్తుంది, ఫోన్‌లో చూసేవాళ్ళకి తేడా తెలీదు, అదే చోట్లో రెండువేల పైచిలుకు పడతాయి. పేజీ కూడా దానివల్లే నెమ్మదిగా తెరుచుకుంటోంది. గూగుల్ వాళ్ళు చేసిన స్క్వూష్ అనే ఫ్రీ టూల్ ఉంది, బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది, మీ అమ్మాయికి చెప్పండి. వాట్సాప్‌లో ఒకళ్ళు పంపితే సేవ్ చేసుకున్న ఫోటోని మాత్రం సైట్‌లో పెట్టకండి, ఇకత్‌లో ఆ అంచులు కొంచెం కరిగినట్టు ఉండటమే దాని అందం, ఫోటో మళ్ళీ మళ్ళీ నలిగితే ఆ అంచు మరకలాగా కనిపిస్తుంది.

ఫోటో గురించి ఇంకొంచెం చెప్తాను, ఎందుకంటే చీర ఫోటో చూసే కొంటారు. ట్యూబ్‌లైట్ కింద తీయకండి, ఎండ నేరుగా పడని వరండాలో పొద్దున పూట తీయండి. చీరకి మూడు ఫోటోలు చాలు: మొత్తం పరిచింది, పల్లూ, బోర్డర్ దగ్గరగా తీసింది. వీలైతే వెనకవైపు కూడా ఒకటి, ఎందుకంటే ఇకత్ తెలిసినవాళ్ళు చీర తిప్పి చూస్తారు, నూలుకి ముందే రంగేసి నేసింది కాబట్టి వెనకా ముందూ డిజైన్ ఒకేలా ఉంటుంది, ప్రింట్ వేసిన నకిలీ అయితే వెనక వెలిసినట్టుంటుంది. ఆ ఒక్క ఫోటో, దాని కింద ఒక్క వాక్యం, ఎంత పొగుడుకున్నా రాని నమ్మకం తెచ్చిపెడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. మీ చీరలు ఒక్కో డిజైన్‌కి ఒకటో రెండో ఉంటాయి, అమ్ముడైతే అయిపోయినట్టే. రోజూ మారిపోయే సరుకుని వెబ్‌సైట్‌లో పెట్టి, ప్రతి అమ్మకానికీ కంప్యూటర్ ముందు కూర్చుని తీసేయడం మీ పని కాదు. దానికి వాట్సాప్ బిజినెస్ యాప్‌లో క్యాటలాగ్ ఉంది, ఫ్రీ, 500 ఐటమ్స్ దాకా పడతాయి, చీర పోగానే ఫోన్‌లోంచే దాచేయొచ్చు. వెబ్‌సైట్‌లో మారనివి ఉంచండి: మీరెవరు, ఎన్ని తరాలుగా నేస్తున్నారు, మగ్గం ఫోటో, సింగిల్ ఇకత్‌కి డబుల్ ఇకత్‌కి తేడా ఏంటి, ఒక్కో రకం ఎంత నుంచి ఎంత దాకా, ఎలా ఉతకాలి, మీ ఇంటికి దారి. క్యాటలాగ్ లింక్ అక్కడ పెద్ద బటన్‌గా పెట్టండి. ఈమాత్రం పేజీకి గూగుల్ సైట్స్ సరిపోతుంది, విక్స్‌లో ఉన్న రాతల్ని కాపీ చేసుకుని వచ్చేయండి, టెంప్లేట్ గొడవ కూడా తీరిపోతుంది.

డబ్బుల దగ్గర జాగ్రత్త సార్. యూపీఐకి మీ దగ్గర ఛార్జి పడదు కాబట్టి అదే పెట్టుకోండి, కానీ కస్టమర్ పంపిన స్క్రీన్‌షాట్ చూసి చీర ప్యాక్ చేయకండి. మీ బ్యాంకు ఖాతాలో డబ్బు పడిందో లేదో మీ యాప్‌లో మీరు చూసుకున్నాకే పార్సిల్ కట్టండి. దొంగ స్క్రీన్‌షాట్లు తయారుచేసే యాప్‌లు వచ్చేశాయి, నేతగాడికి ఒక చీర పోతే ఎన్ని రోజుల కష్టం పోయినట్టో మీకు నేను చెప్పాలా.

ప్రశ్న: మేడం, నేను విజయనగరంలో మగ్గం వర్క్, బ్లౌజులు చేస్తాను. గూగుల్ వాళ్ళే ఇచ్చిన ఫ్రీ వెబ్‌సైట్ ఉండేది, విజిటింగ్ కార్డుల మీద, షాపు బోర్డు మీద ఆ అడ్రస్సే వేయించాను. ఇప్పుడు కొడితే ఏమీ రావట్లేదు. నేనేమైనా తప్పు నొక్కానా? మళ్ళీ తెచ్చుకోవచ్చా?

జవాబు: మీ తప్పేం లేదమ్మా. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు ఇచ్చిన ఆ చిన్న సైట్లన్నిటినీ 2024 మార్చిలో గూగులే ఆపేసింది. ఆ తర్వాత కొన్నాళ్ళు, అంటే జూన్ 10 దాకా, ఆ అడ్రస్ కొడితే మీ ప్రొఫైల్‌కి తీసుకెళ్ళేది, అదీ అయిపోయింది. తిరిగి తెచ్చుకోలేం.

మీ ప్రొఫైల్ మాత్రం భద్రంగా ఉంది, మ్యాప్స్‌లో మీ షాపు, ఫోటోలు, రివ్యూలు ఎక్కడికీ పోలేదు. ఇవాళే ఒక పని చేయండి, మీ షాపు జీమెయిల్‌తో లాగిన్ అయి గూగుల్‌లో మీ షాపు పేరు వెతకండి, మీకే ఎడిట్ చేసే బటన్లు కనిపిస్తాయి, అందులో వెబ్‌సైట్ అన్న గడిలో పాత అడ్రస్ ఉంటే తీసేయండి. పనిచేయని లింక్ ఉంటే షాపు మూసేశారేమో అనుకుంటారు. కొత్త సైట్ అయ్యేదాకా ఆ గడిలో మీ ఇన్‌స్టా పేజీ అడ్రస్ ఇచ్చినా పర్లేదు.

ఈ ఉత్తరం చదివి నాకు బాధేసింది, ఎందుకంటే బోర్డు మళ్ళీ రాయించాలంటే ఎంతవుతుందో తెలుసు. ఇలా జరగడం ఇది మొదటిసారి కాదు. ఒకప్పుడు జియోసిటీస్ అని ఉండేది, లక్షల మంది ఫ్రీ పేజీలు పెట్టుకున్నారు, యాహూ దాన్ని కొని చివరికి 2009లో మూసేసింది. ఫ్రీనామ్ అని ఒక కంపెనీ డాట్ టీకే, డాట్ ఎంఎల్ లాంటి పేర్లు ఊరికే ఇచ్చేది, మన దగ్గర కూడా చాలామంది తీసుకున్నారు, మోసగాళ్ళు వాటిని తెగ వాడేశారు, కేసులయ్యాయి, 2023లో కొత్తవి ఇవ్వడం ఆపేశారు, మరుసటి ఏడాది ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నామన్నారు. ఫ్రీగా ఇచ్చేవాళ్ళు చెడ్డవాళ్ళని నేననట్లేదు, వాళ్ళకి లాభం లేనిరోజు ఆపేస్తారు, ఆపేసే హక్కు వాళ్ళకుంది. అద్దె కొట్టు మారితే బోర్డు పట్టుకుపోతాం కదా, డొమైన్ ఆ బోర్డు. అది మీదైతే గూగుల్ సైట్స్ మూతబడినా బ్లాగర్ అనే ఇంకో ఫ్రీ సర్వీసుకి మారొచ్చు, అదీ కాకపోతే ఇంకోటి, కార్డు మీద అచ్చేసిన అడ్రస్ మాత్రం అదే ఉంటుంది. కొత్త కార్డులు వేయించేముందు డొమైన్ కొనండి, సైట్ ఇంకా తయారవకపోయినా ఆ పేరుని మీ ఇన్‌స్టాకో గూగుల్ ప్రొఫైల్‌కో ఫార్వర్డ్ చేసి పెట్టుకోవచ్చు.

ఇంకోటి, 'గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ లిస్టింగ్ ఆగిపోతుంది, రెన్యువల్‌కి ఇంత కట్టండి' అని ఫోన్లు వస్తుంటాయి. బిజినెస్ ప్రొఫైల్‌కి గూగుల్ డబ్బు తీసుకోదు. కట్ చేసేయండి, ఓటీపీ అస్సలు చెప్పకండి.

ప్రశ్న: అన్నా, నేను వరంగల్‌ల బీటెక్ చదువుతున్న. మా బాపుకి బైక్ మెకానిక్ షెడ్ ఉంది. సొంతంగ హెచ్‌టీఎంఎల్ రాసి గిట్‌హబ్ పేజెస్‌ల పెడుదామనుకుంటున్న, మొత్తం ఫ్రీ కదా. ఏమన్న ప్రాబ్లం అయితదా?

జవాబు: చేసేయ్ తమ్ముడూ, నువ్వు చేసుకున్నదాన్లో నీకు తెలియని యాడ్ ఉండదు, బరువుండదు, చకచకా తెరుచుకుంటుంది. ఒక్కటి చూసుకో. గిట్‌హబ్ పేజెస్ అంటే కోడ్ దాచుకునే గిట్‌హబ్ వాళ్ళే ఇచ్చే ఫ్రీ హోస్టింగ్ కదా, దాని నిబంధనల్లో దాన్ని ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి, అమ్మకాల సైట్లకి ఫ్రీ హోస్టింగ్‌లా వాడకూడదని రాసి ఉంది. బాపు షెడ్ అడ్రస్ చెప్పే పేజీ దాని కిందికి వస్తుందా రాదా అని వాదించుకోవడం కన్నా క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో పెట్టుకో, అదీ ఫ్రీనే, గిట్‌హబ్‌లో నువ్వు మార్చింది దానంతటదే సైట్‌లోకి వచ్చేస్తుంది, సొంత డొమైన్ కలుపుకోవచ్చు. వెర్సెల్ అని ఇలాంటిదే ఇంకోటి ఉంది, దాని ఫ్రీ ప్లాన్ మాత్రం వ్యాపారానికి కాదని వాళ్ళే చెప్తారు.

ఇంకో సంగతి ఆలోచించు. రేపు నీకు ఉద్యోగం వచ్చి పుణేకో బెంగళూరుకో పోతావు, ఆయిల్ సర్వీసింగ్ రేటు మారితే బాపు ఎవర్ని అడగాలి? కోడ్ ముట్టుకోకుండా ఫోన్‌లోంచి మార్చేట్టు ఉండాలి. రేట్లు ఒక గూగుల్ షీట్‌లో పెట్టి అక్కడినుంచి పేజీలోకి వచ్చేట్టు రాయి, షీట్‌లో అంకె మార్చడం బాపుకి నేర్పు. అసలు రోడ్డు మీద బండాగిపోయినవాడు చూసేది సైట్ కాదు, మ్యాప్స్‌లో 'దగ్గర్లో మెకానిక్' అని కొడతాడు, అందుకని ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ చేసి, వీడియో వెరిఫికేషన్ పూర్తిచేసి, షెడ్ టైమింగ్స్, ఆదివారం ఉంటారా లేదా పెట్టు. సైట్ దాని తర్వాత.

ప్రశ్న: తెనాలిలో క్యాటరింగ్ చేస్తామండి. తెలిసినవాళ్ళ ద్వారా ఒక అబ్బాయికి డబ్బులిచ్చి సైట్ చేయించాం, డొమైన్ కూడా తనే కొన్నాడు. ఇప్పుడు ఆ అబ్బాయి ఫోన్ ఎత్తట్లేదు, సైట్ రావట్లేదు, పాస్‌వర్డులేవీ మా దగ్గర లేవు. మళ్ళీ ఇంకోళ్ళకి డబ్బులివ్వలేం, ఈసారి ఫ్రీగా మేమే చేస్కుందామనుకుంటున్నాం. పాత పేరు దక్కుతుందంటారా?

జవాబు: ముందు ఆ పేరు ఎవరి మీద ఉందో చూద్దాం. హూఈజ్ అని వెతికితే డొమైన్ వివరాలు చూపించే సైట్లు వస్తాయి, మీ డొమైన్ పేరు అందులో కొట్టండి. ఏ కంపెనీలో కొన్నారు, ఎప్పుడు గడువు తీరుతుంది అనేది అందులో కనిపిస్తుంది. కొన్నవాళ్ళ పేరు ఒక్కోసారి దాచి ఉంటుంది. ఆ కంపెనీ సపోర్ట్‌కి మీ షాపు పేరు, ఆ అబ్బాయికి డబ్బు పంపిన రుజువులు పెట్టి రాయండి. డొమైన్ మీ పేరు మీదే రిజిస్టర్ అయి ఉంటే, ఈమెయిల్ మాత్రమే ఆ అబ్బాయిదైతే, గుర్తింపు కార్డులు చూపించి తెచ్చుకునే అవకాశం బాగానే ఉంది. ఆ అబ్బాయి పేరు మీదే ఉంటే మాత్రం కాగితం మీద యజమాని అతనే, కంపెనీ వాళ్ళు ఏం చేయలేరు.

అలాంటప్పుడు కోపంతో కాకుండా, ఇద్దరికీ తెలిసినవాళ్ళని మధ్యలో పెట్టి అడగండి. అడగాల్సింది 'సైట్ బాగుచేయి' అని కాదు, 'డొమైన్ ట్రాన్స్‌ఫర్ కోడ్ ఇవ్వు' అని. ఆ కోడ్ చేతికొస్తే అతనితో పని అయిపోయినట్టే. ఇవ్వకపోతే గడువు తీరేదాకా ఆగడం ఒక దారి, కానీ తీరిన మర్నాడే దొరకదు, పాత యజమాని రెన్యువల్ చేసుకోవడానికి గడువు మీద గడువు ఉంటుంది, డాట్ కామ్‌కైతే అవన్నీ కలిపి రెండు నెలలు దాటిపోవచ్చు, ఈలోపు ఇంకెవరైనా కన్నేయొచ్చు. డాట్ ఇన్ పేర్ల తగాదాలు తీర్చడానికి ఒక మధ్యవర్తిత్వ పద్ధతి ఉంది, ఫీజులు, లాయర్లు ఉంటాయి, ట్రేడ్‌మార్క్ లేకపోతే నిలబడటం కష్టం, మీ పరిస్థితిలో నేనైతే వద్దంటాను. పేరు చివర ఊరి పేరు చేర్చి కొత్త డొమైన్ కొనుక్కోండి, తెనాలి అని ఉంటే వెతికేవాళ్ళకీ సులువు.

పాత సైట్‌లోని మెనూలు, ఫోటోలు పోయాయని దిగులుపడకండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్‌లో పాత అడ్రస్ కొట్టి చూడండి, ఎప్పుడైనా అది మీ పేజీని దాచి ఉంటే రాతలన్నీ కాపీ చేసుకోవచ్చు.

ఈసారి ఎవరు చేసినా సరే, పద్ధతి ఇది. వ్యాపారానికని ఒక జీమెయిల్ తెరవండి, దాని రికవరీ నంబరు ఇంటి యజమానిదో యజమానురాలిదో ఉండాలి, పనివాళ్ళది కాదు, అన్నయ్యగారబ్బాయిది కూడా కాదు. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. డొమైన్, సైట్, గూగుల్ ప్రొఫైల్, ఇన్‌స్టా అన్నీ ఆ ఒక్క జీమెయిల్ మీదే ఉండాలి. డబ్బు మీ కార్డు నుంచో యూపీఐ నుంచో కట్టి, బిల్లు మీ షాపు పేరు మీద తీసుకోండి. బయటివాళ్ళతో పని చేయించుకుంటే గూగుల్ సైట్స్‌లో వాళ్ళ మెయిల్‌ని ఎడిటర్‌గా చేర్చండి, పనైపోయాక తీసేయండి, పాస్‌వర్డ్ ఇవ్వాల్సిన అవసరమే రాదు. డొమైన్ రెన్యువల్ తేదీ గోడ క్యాలెండర్ మీద కూడా రాసుకోండి, ఎందుకంటే పెళ్ళిళ్ళ సీజన్‌లో మెయిల్ చూసుకునే తీరిక మీకుండదు, సైట్ పోతే నష్టం జరిగేదీ అప్పుడే.

ప్రశ్న: మేడం, మాది నెల్లూరులో కర్రీ పాయింట్. సైట్‌లో మెనూ తెలుగులో పెట్టాలని కరపత్రాలు వేసిన డీటీపీ షాపు నుంచి ఫైల్ తెచ్చుకున్నాం. అందులోంచి కాపీ చేసి వేస్తే పిచ్చి పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తున్నాయి. ఫ్రీ టూల్స్‌లో తెలుగు రాదా?

జవాబు: ఇప్పుడు నేను పైన చెప్పిన అన్నిట్లోనూ తెలుగు బ్రహ్మాండంగా వస్తుంది. మీ ఫైల్ అనూ ఫాంట్లలో చేసి ఉంటుంది. ప్రెస్సుల్లో, ఫ్లెక్స్ షాపుల్లో ఏళ్ళ తరబడి నడిచిన పద్ధతి అది, కాగితం మీద తెలుగులా కనిపిస్తుంది కానీ కంప్యూటర్ లోపల అవి తెలుగు అక్షరాలు కావు, ఆ ఫాంట్ లేని చోట అసలు రంగు బయటపడుతుంది. అనూ నుంచి యూనికోడ్‌కి, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతికి, మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉన్నాయి, మార్చాక వత్తులు ఒకసారి సరిచూసుకోండి, అక్కడే తేడాలొస్తాయి. మీ మెనూ అంత పెద్దది కాదు కాబట్టి నా సలహా, ఫోన్‌లో జీబోర్డ్‌లో తెలుగు పెట్టుకుని మైక్ నొక్కి 'గోంగూర పచ్చడి, చేపల పులుసు' అని చదువుకుంటూ పోండి, టైపైపోతుంది.

కరపత్రాన్ని ఫోటో తీసి మెనూగా పెట్టేద్దామనుకుంటారు కొందరు, దయచేసి అలా చేయకండి. ఫోటోలో ఉన్న అక్షరాలు వెతికేవాళ్ళకి సరిగా అందవు, రేటు మారితే మళ్ళీ డీటీపీ షాపుకెళ్ళాలి, చిన్న ఫోన్‌లో చదవలేరు. అక్షరాలే ఉండాలి.

ఫాంట్ల సంగతికొస్తే, గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి మంచివి ఉన్నాయి, అన్నీ ఫ్రీ. మెనూకి నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ శుభ్రంగా చదవడానికి వీలుగా ఉంటాయి, పైన షాపు పేరుకి రామభద్ర లావుగా నిండుగా ఉంటుంది. మీరు వాడే టూల్‌లో ఇవి కనిపించకపోతే ఉన్న ఫాంట్‌నే ఉంచేయండి, ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంట్‌తో కనిపిస్తుంది, ఏం నష్టం లేదు. లైన్ల మధ్య ఖాళీ మాత్రం కొంచెం పెంచండి, ఇంగ్లీషుకి పెట్టిన ఖాళీలో మన వత్తులు కింద లైను గుడి మీద ఎక్కి కూర్చుంటాయి.

ఒక్కో ఐటమ్ పేరు తెలుగులో రాసి పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాయండి. మనవాళ్ళు చాలామంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారు, రెండూ ఉంటే ఎలా వెతికినా మీరు దొరుకుతారు.

ప్రశ్న: న్యూజెర్సీలో ఇంటి దగ్గర పిల్లలకి కర్ణాటక సంగీతం చెప్తాను. స్క్వేర్‌స్పేస్ అందరూ బావుందంటున్నారు, దానికి ఫ్రీ ప్లాన్ ఉందా? నాకు కావాల్సింది క్లాసు టైమింగ్స్, చేరేవాళ్ళకి ఒక ఫారం, అంతే.

జవాబు: స్క్వేర్‌స్పేస్‌కి ఉండేది ట్రయల్ మాత్రమే, ఎప్పటికీ ఫ్రీగా ఉండే ప్లాన్ లేదండి. మీరు చెప్పిన రెండిటికీ గూగుల్ సైట్స్‌లో పేజీ చేసి, గూగుల్ క్యాలెండర్‌ని, గూగుల్ ఫారంని అందులోనే అతికించండి, క్లాసు టైము మారితే క్యాలెండర్‌లో మారిస్తే చాలు, పేజీలోనూ మారిపోతుంది. ఫారంలో పిల్లల పేరు, వయసు, అమ్మానాన్నల ఫోన్ నంబరు అడిగితే సరిపోతుంది, ఇంటి అడ్రస్, పుట్టినతేదీ లాంటివి అడక్కండి. మీ ఇల్లే క్లాసు కాబట్టి సైట్‌లో వీధి, ఇంటి నంబరు పెట్టకుండా టౌన్ పేరు ఒక్కటీ రాసి, చేరినవాళ్ళకి అడ్రస్ విడిగా పంపండి. పిల్లలు పాడుతున్న వీడియోలు పెట్టేముందు ఆ తల్లిదండ్రుల్ని అడిగి, వాళ్ళు సరేనన్నది మెయిల్‌లో ఉంచుకోండి.